సుశీలాబాయి వినని పేరు

మొన్న మా మనవరాలు పాటలు వినే హెడ్‌ఫోన్ తెచ్చి నా తలకు తగిలించింది. "విను అవ్వా, ఎంత బాగుందో" అంది. పాట సంగతి దేవుడెరుగు. రెండు చెవుల మీదా ఆ మెత్తలు గట్టిగా అదుముకుని, లోపల వేడి పుట్టి, చెమటా తలనూనే కలిసిన వాసన ముక్కుకు తగలగానే నేను మా ఇంట్లో లేను. ఆదోని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, ఎండాకాలం పదకొండు గంటల వేళ, బోర్డు ముందర స్టూలు మీద కూర్చుని ఉన్నాను. వెనక నుంచి ఒక గొంతు "వీపు వంచొద్దు నాగవేణీ, నిద్ర గొంతులోకొస్తుంది" అంటోంది. ఆ గొంతు సుశీలాబాయిది. మనవరాలు భయపడింది, అవ్వ ఏడుస్తోందని.

ఇప్పటి ఫోన్లు మనం మాట్లాడుకునేది వింటాయట, మనం ఎవరితో మాట్లాడామో, ఎక్కడికి పోయామో కంపెనీలకు చేరవేస్తాయట. మా అబ్బాయి ఈ సంగతి చెప్పేటప్పుడు రేపు వాన పడుతుందన్నంత మామూలుగా చెబుతాడు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఒకప్పుడు ఒక ఊరు ఊరంతా మాట్లాడుకునే మాట నా చేతుల కిందుగా పోయేది. విందామంటే వినొచ్చు, ఆపుదామంటే ఆపొచ్చు. ఆ చేతులకు అదుపు నేర్పిన మనిషిని మీరెవరూ చూసి ఉండరు. ఆమె ఫోటో పేపర్లో పడలేదు, ఆమె పేరు మీద వీధి లేదు. నేను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళూ లేరు.

డెబ్భైల మొదట్లో ఆ ఉద్యోగంలో చేరాను. మాది ఆస్పరి వైపు మెట్టపల్లె. వానొస్తే జొన్నా చెనిక్కాయా, రాకపోతే కూలి. ఆ పల్లె నుంచి పది పాసై, సర్కారు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ గర్వం నెత్తికెక్కి ఉండేది, దాచడమెందుకు. అప్పట్లో ఫోనుకు నంబర్లు తిప్పే చక్రం లేదు. ఇంట్లో వాళ్ళు పిడి తిప్పితే మా బోర్డు మీద వాళ్ళ నంబరు దగ్గర చిన్న రేకు మూత టక్కున పడేది. మేము పిన్ను గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి, వాళ్ళు చెప్పిన నంబరులో ఇంకో పిన్ను గుచ్చి కలపాలి. పొరుగూరికైతే ట్రంక్ కాల్. ఏ నంబరు నుంచి, ఏ ఊరికి, ఎన్ని గంటలకు అని ఒక చీటీ రాయాలి, దాన్ని టికెట్ అనేవాళ్ళం. ప్రతి జత పిన్నుల ముందరా ఒక చిన్న కీ ఉండేది. అది ఎత్తితే వాళ్ళ మాటలు మాకు వినిపిస్తాయి, దించితే వినిపించవు. లైను కలిసిందో లేదో చూసుకోవడానికి ఇచ్చిన కీ అది.

సుశీలాబాయి మా సూపర్‌వైజరు. మంత్రాలయం దగ్గర ఒక పల్లెలో గుడి సేవ చేసుకునే ఇంటి ఆడపడుచు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, బొంబాయి లైను మీద హిందీ. నలభై దాటిన మనిషి, సన్నగా, సోడాబుడ్డి కళ్ళద్దాలతో. ఏకాదశి రోజు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఎనిమిది గంటలు బోర్డు ముందర కూర్చుంటే సాయంత్రానికి మా గొంతులే బొంగురుపోయేవి, ఆమెది కాదు. ఊళ్ళో ఉన్న నంబర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. చేతులు చూడాలి మీరు! నాలుగు జతల పిన్నులు ఒకేసారి ఆడిస్తుంటే తీగకు తీగ తగిలేది కాదు. నేను చేరిన కొత్తలో పని మానేసి ఆ చేతుల్నే చూస్తూ కూర్చుని చీవాట్లు తిన్నాను.

కీ ఎత్తడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. ఎత్తి, పెదాలతో శబ్దం లేకుండా "ఒకటి" అనుకుని, దించేసేది. మమ్మల్నీ అట్లాగే చేయమనేది. "మనుషులు మాట్లాడుతాండారా లేదా, అంతవరకే మనకు. ఏం మాట్లాడుతాండారో వాళ్ళకూ వాళ్ళ దేవుడికీ తెలిస్తే సాలు" అనేది. నాకది చాదస్తంగా అనిపించేది. ఇంత ఊరి కబుర్లు చెవి పక్కనే పోతుంటే వినకుండా ఉండటం నావల్ల అయ్యేదా? నోట్లో నువ్వుగింజ నానని రకం నేను.

పైగా ఆ రోజుల్లో ఊరందరికీ ఒక అలవాటు, ఏ సంగతైనా ఆపరేటరునే అడగడం. డాక్టరు ఇంట్లో ఉన్నాడా, రైలు వచ్చినాదా, సినిమా వదిలిపెట్టినారా. మేమూ చెప్పేవాళ్ళం. అదొక సేవ అనుకునేవాళ్ళం. ఒక రోజు పత్తి సేటు ఒకాయన ఫోన్ ఎత్తి, ఎదుటి అంగడాయన బొంబాయికి బుక్ చేశాడా అని అడిగాడు. "ఇప్పుడే మాట్లాడినాడు సార్, అర్జెంట్ కాల్" అని ఎంతో సంబరంగా చెప్పాను. పిన్ను తీసేలోపల సుశీలాబాయి వచ్చి నా తల మీది సెట్టు ఊడదీసింది.

"ఏం తప్పు చేసినానమ్మా? అడిగినాడు, చెప్పినాను."

"ఆయన అడిగింది నీ సంగతా?"

"కాదు."

"మరి ఎవరి సంగతి?"

"ఆ ఎదురంగడాయనది."

"నీది కానిది నువ్వెట్లిచ్చినావు?"

ఆ రోజంతా నన్ను బోర్డు దగ్గరికి రానివ్వలేదు. మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి పాత టికెట్లు కట్టలు కట్టించింది. సాయంత్రం పోతూ పోతూ "పత్తి రేటు ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళది పై చెయ్యి. నువ్వు ఒక మాటతో ఒకాయన అంగడి తలుపు తీసి ఇంకొకాయనకు చూపిచ్చినావు" అంది. దీపావళికి సేట్ల ఇళ్ళ నుంచి మిఠాయి పెట్టెలు ఎక్స్ఛేంజికి రావడం ఆనవాయితీ. ఆమె పెట్టె మీద ఉన్న పువ్వు మాత్రం తీసుకుని తలలో పెట్టుకుని, పెట్టె వెనక్కి పంపేది. మా నోళ్ళలో నీళ్ళూరేవి. లోపల తిట్టుకునేవాళ్ళం కూడా, ఏ మాటకామాట చెప్పుకోవాలి.

ఎమర్జెన్సీ వచ్చింది. ఊళ్ళో ఒక వకీలుండేవాడు, సర్కారును గట్టిగా తిట్టే మనిషి. ఒక పెద్ద ఆఫీసరు ఫోన్ చేసి, ఆ వకీలు లైను వినాలి, విన్నది రాసి పంపాలి అన్నాడట. సుశీలాబాయి మా అందరి ముందరే జవాబు చెప్పింది.

"కాగితం పంపండి సార్."

అటువైపు అరుపులు మాకు కూడా వినిపించాయి. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు "అట్లే సార్, కాగితం రానీండి" అని మళ్ళీ అదే మాట. ఆ రోజుల్లో ఒక్క మాటకు మనుషులు జైల్లో పడేవాళ్ళు. మూడు రోజులకు సీలుతో, సంతకంతో కాగితం వచ్చింది. ఆమె రెండుసార్లు చదివి, ఫైలులో కుట్టి, మాతో "ఆ నంబరు మీరెవరూ ముట్టుకోవద్దు. అది నేను చూసుకుంటా" అని తానే సెట్టు తగిలించుకుంది. ఇంకేం, ఈమె కూడా లొంగిపోయింది అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కొంచెం సంతోషం కూడా వేసింది, నాలాంటి మామూలు మనిషేలే అని.

వకీలు గారి మూత పడింది. ఆమె పిన్ను గుచ్చి, గుడిలో మంత్రం చెప్పినంత స్పష్టంగా ఇట్లా అంది: "నమస్కారమండీ వకీలు గారూ. ఎక్స్ఛేంజి నుంచి సుశీలాబాయిని. లైన్లో నేనుంటాను, మీరు మాట్లాడేది వింటాను. చెప్పండి, ఏ నంబరు కావాల?"

గది గదంతా చేతులాపి ఆమె వైపే చూసింది. "బాయమ్మా, ఆయనకు చెప్పేస్తే ఎట్లా?" అని నేనే అడిగాను.

"వినమని రాసినారు, వింటాండాను. చాటుగా వినమని రాయలేదు కదా. కావాలంటే కాగితం చూసుకో."

అప్పటి నుంచి ఆ కాగితం రద్దయిందని ఇంకో కాగితం వచ్చేదాకా, ప్రతి కాల్‌కూ అదే పాట. పాపం వకీలు ఆ నెలలన్నీ బీగరుతో, అదే వియ్యంకుడితో, ఊరగాయల గురించే మాట్లాడాడు. ఈమె తు.చ. తప్పకుండా రాసి పంపేది, ఈ ఏడు ఆవకాయలో ఆవపిండి తగ్గిందనీ, గుత్తి నుంచి రావాల్సిన మిరపకాయలు రాలేదనీ. పైన ఆఫీసులో అవి చదివిన వాళ్ళ మొహాలు తలుచుకుని మేము పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు. నాకు మాత్రం ఒక్క సంగతి మనసులో తిరిగేది. ఆమె సర్కారు మాట దాటలేదు, ఒక్క అబద్ధమూ ఆడలేదు, అయినా ఒక మనిషి మెడకు ఉరి బిగియలేదు. ఇట్లా కూడా బతకొచ్చా అని మొదటిసారి ఆశ్చర్యపోయాను.

ఇక ఎనభైల మొదట్లో జరిగిన సంగతి. నా గుండెలో ముల్లులా ఉన్నది అదే.

ఊరి బయట ఒక పెద్ద నూనె మిల్లుండేది. దాని యజమాని బొంబాయిలో ఉండేవాడు, పెత్తనమంతా మేనేజరుది. ఆ మిల్లు బాయిలరు దగ్గర రంగన్న అని ఒకాయన పనిచేసేవాడు. మా పల్లెకు పక్క పల్లె. ఊరికి పోయినప్పుడల్లా మా అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ తెచ్చి ఎక్స్ఛేంజి గేటు దగ్గర ఇచ్చి, "తిను పాపా, సల్లబడకముందే" అని పోయేవాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

ఒక రోజు పొద్దున పదింటప్పుడు ఒక్కసారిగా కిటికీలు అదిరాయి. ఫ్యాను మీది దుమ్ము మా నెత్తిన పడింది. మరుక్షణం బోర్డు నిండా మూతలు టకటకా పడ్డాయి, ఏం జరిగింది, ఏం జరిగింది అని. మిల్లు నంబరు నుంచి వరసగా ట్రంక్ కాల్స్ బుక్ చేశారు, అన్నీ లైట్నింగ్, అంటే అన్నిటికన్నా ముందు కలపాల్సినవి. టికెట్లు నేనే రాశాను. అవి అయ్యాక మేనేజరు సుశీలాబాయిని లైన్లోకి పిలవమన్నాడు. ఆమె పక్కనే నిలబడి ఉన్నాను, ఆయన గొంతు నాకూ వినపడింది.

"బాయమ్మా, చిన్న ప్రమాదం. ఊళ్ళో లేనిపోని పుకార్లు పుడతాయి. కర్నూలు లైను చెడిపోయిందని సాయంత్రం దాకా చెప్పండి. ఎవరికీ కలపొద్దు."

"కర్నూలు లైను బాగానే ఉంది సార్."

"ఉంది. లేదని చెప్పమంటున్నా."

"అట్లయితే అదే మాట రాసి, సంతకం పెట్టి పంపండి. పైకి పంపి అడుగుతాను."

ఠక్కున ఫోన్ పెట్టేశాడు. ఆమె మా వైపు తిరిగి "ఎవరు కర్నూలు అడిగినా వరసలో కలపండి" అని మాత్రం అంది.

పదకొండు దాటాక పోస్టాఫీసులో ఉండే పబ్లిక్ ఫోను మూత పడింది. పిన్ను గుచ్చాను. రొప్పుతున్న గొంతు. "అమ్మా, కర్నూలు గావాల. ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరు ఆపీసు. జల్దీ కలుపమ్మా, నీ కాళ్ళు మొక్కుతా." ఆ గొంతు రంగన్నది. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కర్నూలుకున్న కాసిన్ని లైన్లూ నిండి ఉన్నాయి. నేను తడబడుతుంటే సుశీలాబాయి నా మొహం చూసి, ఏమీ అడగకుండా, ఒక సేటు లైనులోకి పోయి "మన్నించండి సార్, ప్రాణాల మీదికొచ్చిన పని, ఈ లైను తీసుకుంటాండాను" అని దాన్ని నా చేతికిచ్చింది.

కలిపాను. కీ ఎత్తాను. ఒకటి అనుకుని దించాలి. దించలేదు.

"సారూ, మిల్లులో బాయిలరు పగిలినాది. కాలినోళ్ళను గోదాములో పండబెట్టి గేటుకు తాళమేసినారు. మాపటికి లారీలో యాడికో తోలకపోతారంట. నేను గోడ దుంకి వచ్చినా. మీరు రాకుంటే సస్తారు సారూ. నా పేరు అడగొద్దు. తెలిస్తే నన్నూ నా పెండ్లాం బిడ్డల్నీ ఈ ఊళ్ళో బతకనీరు."

మూడింటికి కర్నూలు నుంచి జీపులు వచ్చాయి. గేటు తెరిపించి, గోదాములో ఉన్నవాళ్ళను ఆసుపత్రికి చేర్చారు. కొందరు దక్కలేదు. దక్కినవాళ్ళు మాత్రం ఆ ఒక్క ఫోన్ వల్లే దక్కారు. నాలుగు రోజులు ఊరంతా అదే మాట, ఎవరో పుణ్యాత్ముడు ఫోన్ చేశాడట అని. నాకు లోపల ఉబ్బిపోయేది. అది మా వాడు! మా వైపు మనిషి! ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ తిరిగాను.

అయిదో రోజు సాయంత్రం పూల అంగడి దగ్గర మా వీధిలో ఉండే మిల్లు గుమాస్తా భార్య కలిసింది. మంచిదే పాపం. "ఎవరోగానీ ఆయన్ను కన్న తల్లి కడుపు సల్లగుండ, ఎంత గుండె" అంది. అంతే, నా నోరు ఆగలేదు. "మా ఆస్పరి పక్కోళ్ళ గుండెలు అట్లే ఉంటాయిలే అక్కా" అన్నాను. పేరు చెప్పలేదు. ఊరు కూడా చెప్పలేదు. ఏదో గొప్పగా మాట్లాడి, మూర పూలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఆ మిల్లులో ఆస్పరి వైపు వాళ్ళు ఇద్దరే ఉన్నారని నాకేం తెలుసు? మరుసటి పొద్దున ఇద్దరినీ గేటు దగ్గరే నిలబెట్టేశారు. ఫోన్ చేసినవాడు ఒప్పుకుంటే రెండోవాడికి పని, లేకపోతే ఇద్దరికీ లేదు, పైగా దొంగతనం కేసు. ఆ మాట నాకు చెప్పింది ఎవరనుకున్నారు? రంగన్నే. ఎప్పటిలాగే గేటు దగ్గరికి వచ్చాడు, చేతిలో మా అమ్మ పంపిన మూట. "ఎవరో ఆస్పరి అని సెప్పినారంట పాపా. ఎవరో ఏమో. నా సంగతి పోనీ, ఆ రెండో పిల్లోడు కొత్తగా పెండ్లయినోడు. నేనే పోయి ఒప్పుకుందామనుకుంటాండా" అన్నాడు. మూట అందుకోవడానికి నా చెయ్యి లేవలేదు. ఆయన అది గోడ మీద పెట్టిపోయాడు.

ఆ మధ్యాహ్నం సుశీలాబాయి కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. కీ దించకుండా విన్నదీ, పూల అంగడి దగ్గర వాగిందీ. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"పేరు చెప్పినావా యాడన్నా?"

"లేదమ్మా. ఒట్టు. ఆయన పేరు..."

ఆమె చప్పున రెండు అరచేతులతో చెవులు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఆమె కళ్ళలో భయం చూడటం అదే మొదలు. "నాకు చెప్పొద్దు! రేపు వాళ్ళు నన్నే అడుగుతారు. నాకు అబద్ధం రాదమ్మా. తెలియకుంటేనే నేను నిలబడగలిగేది."

"పేరు చెప్తే రెండో ఆయనన్నా బయటపడతాడు కదమ్మా?"

"ఒకణ్ణి అమ్మి ఇంకొకణ్ణి కొనుక్కోమంటావా? ఇద్దరూ కావాల మనకు. నువ్వు పోయి ఆ మనిషికి ఒక్క మాట చెప్పు. ఒప్పుకోవద్దు, కొన్నాళ్ళు ఓర్సుకో అని. ఎవరు చెప్పమన్నారో చెప్పొద్దు."

ఆ సాయంత్రమే పోయి ఆయనకు ఆ మాట చేరవేశాను. మూడో రోజు మా పై ఆఫీసరు మిల్లు కారులో దిగాడు. పక్కన మేనేజరు. మా గదిలోకి నేరుగా వచ్చి, "పోస్టాఫీసు కాల్ కలిపింది ఎవరు?" అన్నాడు. సుశీలాబాయి లేచి నాకూ ఆయనకూ మధ్య నిలబడింది.

"ఈ గదిలో కలిపిన ప్రతి కాలూ నాది సార్. నన్నడగండి."

"ఎవరు మాట్లాడారు?"

"నాకు తెలీదు సార్."

"ఈ పిల్లకు తెలుసట. పూల అంగడి దగ్గర అన్నదట."

"ఈ పిల్ల చెవిలో పడినది మన శాఖ సొత్తు. మీరు కాగితమిస్తే పైవాళ్ళకు జవాబు నేను రాసుకుంటా. ఆ బయటాయన ముందర మాత్రం దేవుడొచ్చి అడిగినా చెప్పేది లేదు."

బయటాయన అంటే మేనేజరు. ఆయన నవ్వుతూ "పోనీ, ఆ రోజు టికెట్లు ఒకసారి చూడొచ్చా?" అన్నాడు.

"ఆ సాయంత్రమే పంపేసినాను సార్, కర్నూలు ఆఫీసుకు, రిజిస్టర్ పోస్టులో. నెలాఖరుకు పంపాల్సినవి, ఈసారి ముందరే పంపినాను. రసీదు ఉంది, చూస్తారా?"

ఆయన నవ్వు అట్లాగే ఆగిపోయింది. టికెట్ల కోసం ఆయనకెందుకంత ఆత్రమో మాకు అప్పుడు అర్థం కాలేదు. వారానికి తెలిసింది. ప్రమాదం మీద కర్నూలులో విచారణ మొదలైంది. కర్నూలు లైను ఆ పొద్దంతా పనిచేయలేదు, అందుకే కబురు చేయలేకపోయాం అని మిల్లు వాళ్ళు రాసిచ్చారట. విచారణ వాళ్ళు ఎక్స్ఛేంజికి సీలున్న కాగితం పంపారు. ఆ పొద్దున మిల్లు నంబరు నుంచి ఏ ఏ ఊళ్ళకు, ఎవరికి, ఎన్ని గంటలకు ట్రంక్ కాల్స్ పోయాయో తెలపమని. సుశీలాబాయి కర్నూలు నుంచి ఆ టికెట్ల వివరాలు తెప్పించుకుని, ఒకే ఒక్క పేజీ రాసింది. మొదటిది బొంబాయిలో యజమానికి. రెండోది ఇన్సూరెన్స్ ఆఫీసుకు. మూడోది కర్నూలులోనే, మిల్లు వకీలుకు. అన్నీ కలిసినవే, లైను చక్కగా పనిచేసినదే. ఇన్స్పెక్టరుకు లేదు. కర్నూలు పెద్దాసుపత్రికి లేదు.

ఆ కాగితం చదివి నేను గుడ్లప్పగించి నిలబడిపోయాను. ఒక్క విశేషణం లేదు, ఒక్క నింద లేదు. అటు మనుషులు కాలిపోయి పడి ఉంటే ఇటు వాళ్ళకు ముందు గుర్తొచ్చిందెవరో, గంటలూ నిమిషాలతో ఉంది అంతే. "పోస్టాఫీసు కాల్ సంగతి రాయలేదేమ్మా?" అన్నాను. "అడిగినారా? మిల్లు నంబరుది అడిగినారు, ఇచ్చినా. పోస్టాఫీసుది అడగలేదు, ఇయ్యలేదు" అని కవరు అంటించింది. మిల్లు వాళ్ళ అబద్ధం ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు పరిహారం ఇవ్వాలనీ, గేటు బయట నిలబెట్టిన ఇద్దరినీ పనిలోకి తీసుకోవాలనీ ఆర్డరు వచ్చింది. ఫోన్ చేసిందెవరో ఎవరికీ తెలియలేదు.

ఇంకో ఆర్డరు కూడా వచ్చింది. సుశీలాబాయిని ఎమ్మిగనూరు చిన్న ఎక్స్ఛేంజికి మార్చారు. రావాల్సిన ప్రమోషన్ రాలేదు. నేను వెక్కి వెక్కి ఏడిస్తే "కాగితం వచ్చినాది కదా, పోవాల" అంది, సంచీలో కళ్ళద్దాల డబ్బా పెట్టుకుంటూ. నా నోటి దూల ఆమె మెడకు చుట్టుకుంది. ఆ మాట నేను అంటే ఆమె ఒప్పుకునేది కాదు గానీ, నిజం అదే.

కొన్నేళ్ళకు ఆమె రిటైరయ్యే ముందు ఎమ్మిగనూరు పోయాను. ఆమె అద్దెకున్నది మగ్గాల వీధిలో. రెండు వైపులా మగ్గాల చప్పుడు, ఆ చప్పుడులోనే గట్టిగా మాట్లాడుకున్నాం. ఎక్స్ఛేంజికి త్వరలో ఆటోమేటిక్ మిషన్లు వస్తాయట, ఇక మధ్యలో మనిషి ఉండడట అని చెప్పాను. "మనిషి లేకుంటే మంచిదేలే, వినేవాళ్ళుండరు" అంది. పాపం, ఆమెకు ఆ ఒక్క విషయంలో లెక్క తప్పింది.

తరవాత నేను పోయిన పని ఎత్తాను. "బాయమ్మా, ఇప్పుడు భయం లేదు. ఆయన మిల్లు మానేసి సొంతూరు పోయినాడు. మీరు ఎవరికోసం ఇదంతా పోగొట్టుకున్నారో ఆ పేరన్నా మీకు తెలియాల."

"బాగున్నాడా?"

"బాగున్నాడమ్మా. పిల్లలు చదువుకుంటాండారు."

"రెండో ఆయన?"

"ఆయనా బాగున్నాడు."

"అయితే సాలు." లేచి నాకు మజ్జిగ తెచ్చింది.

"పేరొక్కటి చెప్పనీయండమ్మా. నా బరువు దిగుతుంది."

ఆమె గ్లాసు నా చేతిలో పెట్టి, చాలా మెల్లగా అంది. మగ్గాల చప్పుడులో కూడా నాకు ప్రతి అక్షరం వినపడింది. "నా పేరు అడగొద్దు అన్నాడని నువ్వే చెప్పినావు కదమ్మా నాగవేణీ. నాకు చెప్పినట్టు కాదా ఆ మాట?"

నేను మజ్జిగ తాగేసి తల వంచుకుని కూర్చున్నాను. ఒక మనిషి కోసం తన స్థానం, తన ఊరు వదులుకుని, ఆ మనిషి ఎవరో తెలుసుకునే ఆశ కూడా పెట్టుకోని వాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ పేరు వినకుండానే పోయింది.

మిల్లు మూతపడింది. ఫోన్ చేసిన ఆయనా పోయాడు. మా ఆయన అడిగాడు, మా పిల్లలు అడిగారు, ఇప్పుడిక దాచేదేముంది అని. ఇది చదివాక మా వైపు వాళ్ళు కూడా అడుగుతారు. అందుకే ముందే చెబుతున్నాను. ఆస్పరి అన్న మాట ఒకసారి నోరు జారి అన్నదే, దాన్ని ఇక వెనక్కి తీసుకోలేను. మిగతా గుర్తులు కొన్ని మార్చాను. ఇందులో నేను రంగన్న అని రాసిన మనిషి పేరు రంగన్న కాదు.